పెద్ద పేరు, చిన్న జట్టు

2025వ సంవత్సరము జూలై నెలలో ఒకనాటి సాయంకాలము మా పాఠశాల మైదానమున ఆట ముగిసిన పిదప పై తరగతుల బాలురు కొందరు వేపచెట్టు క్రింద గుమిగూడి మిక్కిలి యుత్సాహముతో వాదించుకొనుచుండిరి. దగ్గరకు పోయి విచారింపగా సంగతి తెలిసినది. మన దేశపు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడు కావలసియుండెను. బార్సిలోనా జట్టులో ఆటగాడుగను, పిమ్మట శిక్షకుడుగను లోకప్రసిద్ధి గాంచిన షావి ఆ యుద్యోగమునకు దరఖాస్తు పంపెననియు, అంత జీతము నిచ్చుకొనలేక మనవారు దానిని ప్రక్కకు బెట్టిరనియు వార్త వచ్చినది. బాలుర ముఖములలో ఆశ్చర్యమును, దానితోపాటు ఆశాభంగమును కనబడుచుండెను. వారిలో నొకడు మా వైపు తిరిగి, "మాష్టరుగారూ, ఆయనే వచ్చియుండినయెడల మన జట్టు ప్రపంచకప్పు పోటీలకు పోయియుండును గదా?" అని యడిగెను.

అనతికాలముననే అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్యవారు ఆ దరఖాస్తు నిజమైనది కాదని ప్రకటించిరి. పెప్ గ్వార్డియోలా పేరిట వచ్చినదియు నట్టిదేయని తేలినది. బాలురు నవ్వుకొని యూరకుండిరి. కాని యా ప్రశ్న మమ్ము విడువలేదు. దరఖాస్తు కల్పితమే యైనను, దానిని నమ్మి మురిసిన మన మనస్సు కల్పితము కాదు. ఆనాడు బాలునకు సరియైన ప్రత్యుత్తరము నీయలేకపోతిమి. ఈ సంచికయందు ఇచ్చుటకు యత్నించుచున్నాము.

మహాక్లబ్బులను నడపి కప్పులు గెలిచిన శిక్షకులు, ఆ యాటలో అంతగా పేరు లేని దేశముల జట్లకు తగుదురా? ఈ ప్రశ్నను గూర్చి లోకమున రెండు పక్షములు గలవు. ప్రజ్ఞ యెచ్చట నున్నను ప్రజ్ఞయే, దీపమును గుడిసెలో పెట్టినను వెలుగీయకపోదని యొక పక్షమువారి వాదము. అట్టివారు తమ మంచికాలము గడచిన పిమ్మట జీతము కొఱకు వచ్చెదరే గాని పని కొఱకు రారని రెండవ పక్షమువారి వాదము. మాకు జూడగా రెంటియందును సత్యము సగమే యున్నది.

ముందుగా పని యెట్టిదో విచారింతము. క్లబ్బు శిక్షకునకు ఆటగాండ్రు దినదినమును కన్నుల యెదుట నుందురు. ఉదయము కనిపెట్టిన తప్పును సాయంకాలము దిద్దవచ్చును. ఎడమప్రక్క నాడువాడు చాలనియెడల సొమ్ము పెట్టి మఱియొకనిని తెచ్చుకొనవచ్చును. జాతీయ జట్టు శిక్షకునకు ఈ రెండు వసతులును లేవు. ఆటగాండ్రు తమ తమ క్లబ్బుల నుండి సంవత్సరమునకు నాలుగైదు మారులు వత్తురు. కొలది దినములుండి వెడలిపోవుదురు. కొనుటకు అంగడి లేదు. ఆ దేశపు పౌరులలో నెవరు దొరకుదురో వారితోనే ఆడింపవలయును. కావున మహాక్లబ్బును నడపిన ఘనుడు చిన్న దేశపు జట్టును చేపట్టిన దినముననే తన పనిముట్లలో ముఖ్యమైన రెంటిని గడప వెలుపల విడిచి లోనికి రావలసియున్నది. ఆ పిమ్మట ఆయనకు మిగులునది బోధనా నైపుణ్యమొక్కటే.

ఈ మాట యనుటకు మాకు కొంత స్వానుభవము కలదు. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో ఒక యాచార్యుడు ఆదర్శపాఠములు చెప్పుటయందు అసమానుడని పేరొందియుండెను. ఏరి కూర్చిన ముప్పదిమంది పిల్లలు, గోడల నిండ పటములు, నిశ్శబ్దమైన గది. ఆయన పాఠము వినుట మాకొక పండుగ. తరువాత కొన్నేండ్లకు ఆయన యొక పల్లెటూరి బడికి వచ్చి, మూడు తరగతులు కలిసి కూర్చుండిన గదిలో అదే పాఠమును అట్లే చెప్పెను. పాఠములో లోపమేమియు లేదు. పిల్లలకు మాత్రము ఒక ముక్కయు తెలియలేదు. మఱునాడాయన సుద్దముక్క చేత బట్టలేదు. పిల్లల నడుమ నేలపై కూర్చుండి, ఒక్కొక్కని పేరు, వాని తండ్రి చేయు పని, వానికి వచ్చిన లెక్కయు అడిగి తెలిసికొనెను. వారము గడచునప్పటికి ఆ గదియే వేఱైనది. ఆయన పేరు మొదటి దినమున నెంత గొప్పదో ఎనిమిదవ దినమునను అంత గొప్పదే. మాఱినది పేరు కాదు, ఆయన కూర్చుండిన చోటు.

ఇపుడు ఆటస్థలమునకు వత్తము. హాలెండు దేశస్థుడగు గూస్ హిడింక్ 1988లో పి.ఎస్.వి. ఐండ్‌హోవెన్ క్లబ్బునకు ఐరోపా కప్పును గెలిచి పెట్టినవాడు. 1998 ప్రపంచకప్పులో తన దేశపు జట్టును నాలుగవ స్థానమునకు జేర్చెను. ఆ పోటీలలో దక్షిణ కొరియాను 5-0 గా ఓడించిన జట్టు ఆయనదే. పిమ్మట కొంతకాలము రియల్ మాడ్రిడ్ క్లబ్బును నడపెను. అట్టివాడు 2001 జనవరిలో ఆ కొరియా జట్టు భారమునే వహించెను. అప్పటికి కొరియావారు ఐదు ప్రపంచకప్పు పోటీలలో 14 ఆటలాడి ఒక్కదానినైనను గెలువలేదు; నాలుగు సమమైనవి, పది పోయినవి.

కొరియావారు తమకు బంతి నేర్పు చాలదని తలంచుచుండిరి. హిడింక్ పరీక్షించి చూచి, నేర్పు కలదు, చాలనిది ఆటయంతయు నిలుచు ఊపిరియు దేహబలమునని తేల్చెను. నెలల తరబడి దానికే పాటుపడెను. ఇంకొకటి కూడ ఆయన కంట బడినది. ఆ దేశమున చిన్నవాడు పెద్దవానిని గౌరవవాచకము లేక పిలువరాదు. భోజనమునకైనను వయస్సు ననుసరించి కూర్చుందురు. బంతి పరువెత్తుచున్న క్షణమున ఈ మర్యాద అడ్డమగుచుండెను. మైదానమున ఒకరి నొకరు పేరు పెట్టి పిలువుడనియు, భోజనమున చిన్న పెద్ద కలిసి కూర్చుండుడనియు ఆయన శాసించెను. అన్నను పేరు పెట్టి పిలువుమన్నచో మన యిండ్లలో పిల్లల నాలుక యెంత తడబడునో తలంచినయెడల, ఇది యెంతటి మార్పో బోధపడును. పాఠము చెప్పుటకు ముందు తరగతిని చదివినవాడు గనుకనే ఆయనకిది తోచినది.

ఫలము వెంటనే కనబడలేదు. 2001 మే నెలలో ఫ్రాన్సు చేతిలో 5-0, ఆగస్టులో చెక్ దేశము చేతిలో మఱల 5-0. 'అయిదు-సున్న' యని ఆయనకొక యెగతాళి పేరు పెట్టిరి. అయినను కొరియా సంఘమువారు ఆయనను తొలగింపలేదు. ఆ దేశపు క్లబ్బులును తమ ఆటగాండ్రను దీర్ఘకాలపు శిబిరములకు విడిచినవి. 2002లో స్వదేశమున జరిగిన ప్రపంచకప్పులో ఆ జట్టు పోలెండును, పోర్చుగలును, ఇటలీని ఓడించి, స్పెయినును పెనాల్టీలలో దాటి, జర్మనీతో సెమీఫైనలు ఆడి 1-0 గా ఓడినది. ఇటలీ, స్పెయిను ఆటలలో రిఫరీల తీర్పులను గూర్చి నేటికిని వివాదము కలదు. స్వదేశపు మైదానముల బలమును తక్కువది కాదు. వాని నన్నిటిని లెక్కించినను, అర్ధశతాబ్దముగా ఒక ఆటయు గెలువని జట్టు ఆ మెట్టునకు చేరుట అల్పకార్యము కాదు.

రెండవ నిదర్శనము గ్రీసు. జర్మనీ దేశస్థుడగు ఒట్టో రేహాగెల్ వెర్డర్ బ్రేమెన్ క్లబ్బును 1981 మొదలు 1995 వఱకు నడపి రెండు మారులు జర్మనీ విజేతగా నిలిపెను. ఆ దేశపు మహాక్లబ్బగు బాయెర్న్ మ్యూనిక్‌నకు పోగా, ఒక యేడైనను నిండకముందే అచ్చటివారాయనను సాగనంపిరి. అంతట క్రింది శ్రేణికి జారిన కైజర్స్‌లౌటెర్న్‌ను చేపట్టి, పై శ్రేణికి తెచ్చిన మఱుసటి యేడే, 1998లో, దేశవిజేతను జేసెను. 2001లో గ్రీసునకు వచ్చెను. మొదటి యాటలోనే ఫిన్లాండు 5-1 గా ఓడించెను. అంతకుముందు గ్రీసు ఐరోపా పోటీల తుదిభాగమున ఒకమారు, ప్రపంచకప్పున ఒకమారు ఆడి ఒక్క గెలుపునైనను ఎఱుగదు. తన ఆటగాండ్రు మెఱపులు మెఱపింపజాలరని రేహాగెల్ గ్రహించెను. కావున ప్రత్యర్థి ఆటగాని వెంట నీడవలె తిరుగుట, గోలును కాచుకొనుట, మూలనుండియో ప్రక్కనుండియో వచ్చిన బంతిని తలతో కొట్టుట, ఇవి మాత్రమే చక్కగా నేర్పెను. 2004లో ఫ్రాన్సును, చెక్ దేశమును, తుదకు జూలై 4వ తేదీన లిస్బన్ నగరమున పోర్చుగలును, మూడింటిని 1-0 గానే ఓడించి గ్రీసు ఐరోపా విజేత యయ్యెను. ఆట అందముగా లేదని విమర్శించినవారు కలరు. చేతనున్న పలకమీదనే వ్రాయవలయును గాని లేని పలకమీద నెవరు వ్రాయగలరు?

ఇక రెండవ ప్రక్క చూతము. మార్చెల్లో లిప్పి 1996లో యువెంటస్ క్లబ్బునకు ఐరోపా విజేతల కప్పును, 2006లో ఇటలీకి ప్రపంచకప్పును తెచ్చినవాడు. అంతకంటె పెద్ద పేరు ఈ వృత్తిలో దొరకుట దుర్లభము. 2016లో ఆయన చీనా జట్టును చేపట్టెను. చీనా జనసంఖ్యలో పెద్దదే గాని ఈ యాటలో చిన్నది. కొంత మేలు జరిగినది. 2017లో కొరియాను 1-0 గా గెలిచిరి. కాని 2018 ప్రపంచకప్పునకు అర్హత దొరకలేదు. 2019 ఆసియా కప్పు క్వార్టరు ఫైనలులో ఇరాను 3-0 గా ఓడించెను. ఆయన వెడలిపోయి, కొలది నెలలకే మఱల వచ్చి, ఆ సంవత్సరము నవంబరులో సిరియాతో ఓడిన రాత్రి ఉద్యోగము వదలుకొనెను. ఐరోపా కప్పు తెచ్చిన రాబర్టో మాన్చిని 2023 ఆగస్టులో ఇటలీ జట్టును వీడి, మహత్తర వేతనముపై సౌదీ అరేబియాకు పోయెను. 2024 జనవరిలో ఆసియా కప్పున కొరియాతో పెనాల్టీలు ముగియకముందే మైదానము విడిచి లోనికి నడచెను. ఆట ముగిసినదనుకొంటినని పిమ్మట క్షమాపణ చెప్పుకొనెను. ఆ అక్టోబరులో ఆయన కొలువు ముగిసినది. తాను శిష్యులను విడిచి ముందుగా లేచిపోయినాడను నింద మాత్రము మిగిలినది. తరగతి గదిలోనైనను ఇంతకంటె పెద్ద నింద లేదు.

ఇట్లు చూపగా, "కొందరు ఘనులు మంచివారు, కొందరు కారు, అంతియే గదా" యని పాఠకులు తలంపవచ్చును. అది చాలదు. కొరియాలో దేవునివలె కొనియాడబడిన ఆ హిడింకే 2010లో టర్కీ జట్టును చేపట్టి, మఱుసటి సంవత్సరము క్రొయేషియాతో ఓడి యిల్లు చేరెను. 2018లో చీనా ఒలింపిక్ జట్టునకు కుదురుకొని మఱుసటి సంవత్సరమే తొలగింపబడెను. అదే మనిషి, అదే పేరు, అదే విద్య. కావున గెలుపునకు హేతువు పేరు కాదనుట స్పష్టము. శిక్షకునకును జట్టునకును నడుమ కుదిరిన పొందికయే హేతువు.

ఆ పొందికకు మూడు విషయములు ముఖ్యములని మాకు తోచుచున్నది. శిక్షకుడు ఆ దేశమున నివసించి, ఆటగాండ్ర యలవాటులను, వారి శక్తిని, వారి బిడియమును ఎఱుగవలయును. ఇది మొదటిది. ఆటగాండ్రకు బాల్యముననే ఎవరో యొకరు అక్షరాభ్యాసము చేసియుండవలయును. జాతీయ జట్టు ఓనమాలు దిద్దించు చోటు కాదు. ఇది రెండవది. నియమించిన పెద్దలకు రెండు మూడు ఓటముల నోర్చుకొను గుండె యుండవలయును. ఇది మూడవది. కొరియాలోను గ్రీసులోను మూడును కలిసినవి. చీనాలో రెండవది లోపించినది. ఆ లోపమును ఎంత జీతమును పూడ్పజాలలేదు.

రెండవ విషయమునకు ఐస్‌లాండు మంచి సాక్షి. 2016 నాటికి ఆ ద్వీపపు జనసంఖ్య సుమారు మూడు లక్షల ముప్పదివేలు; మన జిల్లా కేంద్రములలో కొన్నింటికి సరిపోవును. చలిలోను పిల్లలు ఆడుటకు కప్పుగల మైదానములు కట్టుకొనిరి. పసిపిల్లలకు సహితము పరీక్ష నిచ్చి పట్టము పుచ్చుకొనిన శిక్షకులను నియమించుకొనిరి. ఆ పిల్లలు పెద్దవారైన వెనుక, స్వీడను దేశపు అనుభవజ్ఞుడగు లార్స్ లాగర్‌బాక్‌ను పిలిచి, ఆయన ప్రక్కన తమ దేశపు దంతవైద్యుడగు హైమిర్ హాల్‌గ్రిమ్‌సన్‌ను నిలిపిరి. 2016 ఐరోపా పోటీలలో ఈ జట్టు ఇంగ్లండును 2-1 గా ఓడించినది. తరువాత ఆ దంతవైద్యుడే యొంటరిగా దానిని 2018 ప్రపంచకప్పునకు కొనిపోయెను. వచ్చినవాడు వెళ్లునాటికి ఇంటివాడు సిద్ధముగా నుండెను. పరదేశపు పెద్దను పిలుచుటకు ఇదియే సరియైన మార్గమని మా తలంపు.

పెద్దపేరును మేము తృణీకరించుట లేదు. దానికొక ఉపయోగము నిస్సంశయముగా కలదు. పేరుగలవాని మాట ఆటగాండ్రు విందురు. సంఘపు పెద్దలు ఆటగాండ్ర నేర్పరచు పనిలో వ్రేలు పెట్టుటకు జంకుదురు. కొరియాలో వయోమర్యాదను ప్రక్కకు బెట్టుమని ఒక స్వదేశస్థుడు చెప్పియుండినయెడల విందురా? రెండు మారులు 5-0 గా ఓడిన స్వదేశస్థుని మూడవ యాటకు ఉంచుదురా? సంశయమే. అందుచేత పేరు గొడుగు వంటిది. వాన కురియుచుండగా పని సాగించుటకు గొడుగు కావలసినదే. కాని గొడుగు పొలము దున్నదు. దున్నువాడు లేనిచోట గొడుగునకై సొమ్మంతయు వ్యయము చేసినయెడల, విత్తనములకు మిగులునదేమి?

ఇక మన యింటి సంగతి. మన దేశమునకు ఈ యాటలో నొక స్వర్ణయుగముండెను. దానిని నిర్మించినవారు హైదరాబాదు నగరపు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన మైదాన్ అను హిందీ చలనచిత్రము వలన మన బాలురలో కొందరు వారి పేరు వినియున్నారు. హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1963లో మరణించు వఱకు వారు దేశపు జట్టునకు శిక్షకులుగా నుండిరి. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణపతకము వచ్చినది. మఱుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా 10-1 గా ఓడించినది. నేటి కాలమైనచో మఱునాడే వారి యుద్యోగము పోయియుండును. వారు నిలిచిరి; జట్టును నిలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము దొరకినది. 1962లో జకార్తా నగరమున మొదటి యాటలో కొరియాతో 2-0 గా ఓడియు, తుది యాటలో ఆ కొరియానే 2-1 గా గెలిచి స్వర్ణము తెచ్చిరి. గాయపడిన జర్నెయిల్ సింగును వెనుకవరుస నుండి ముందువరుసకు జరిపి ఆడింపగా, ఆతడొక గోలు చేసెను. తన శిష్యులలో నెవ్వడు ఎక్కడ పనికివచ్చునో ఎఱిగిన గురువు చేయు పని యిది. రహీం గారు అప్పటికే ప్రాణాంతకమగు వ్యాధితో బాధపడుచుండిరి.

అయితే స్వదేశస్థుడే చాలునా? అదియు కాదు. 2022లో హైదరాబాదు క్లబ్బును దేశవిజేతగా జేసిన స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ జాతీయ జట్టును ఎనిమిది ఆటలాడించి ఒక్కటియే గెలిపింపగలిగెను. ఆ కాలములో చాలభాగము ఆయన గోవా క్లబ్బునకు కూడ శిక్షకుడై యుండెను. ఆయన తరువాత 2025 ఆగస్టులో మన దేశస్థుడే యగు ఖాలిద్ జమీల్ నియమింపబడెను. మధ్య ఆసియా పోటీలలో మూడవ స్థానము వచ్చినది, సంతోషించితిమి. అక్టోబరులో సింగపూరుతో ఓడి 2027 ఆసియా కప్పునకు అర్హత గోలుపోయితిమి. క్లబ్బున గెలిచినవాడు, స్వదేశమున పుట్టినవాడు, ఎవ్వడు వచ్చినను క్రిందనుండి వచ్చు పిల్లలకు ఓనమాలు రానియెడల ఫలమొకటియే.

కావున వేపచెట్టు క్రింద మమ్మడిగిన బాలునకు మా ప్రత్యుత్తరమిది. నాయనా, ఆయన వచ్చియుండినను మనము ప్రపంచకప్పునకు పోయియుండము. ఆయనకు ప్రజ్ఞ చాలదని కాదు. ఆయన పాఠమునకు కావలసిన తరగతి యింకను మన యొద్ద సిద్ధముగా లేదు. తరగతి సిద్ధమైన దినమున పెద్దవానిని పిలువవచ్చును. పల్లెబడి గదిలో నేలపై కూర్చుండి పిల్లల పేర్లడుగు నోర్పు గలవాడైనయెడల, ఎంత ఘనుడైనను సుస్వాగతము. అట్టి యోర్పు లేనియెడల, ఎంత ఘనుడైనను మనకు తగడు.

అంతవఱకు చేయదగిన పని మన చేతిలోనిది. ఊరూర ఒక మైదానము, మైదానమునకొక బంతి, బంతితోపాటు ఆట తెలిసి, ఓర్పుతో నేర్పు పెద్ద యొక్కడు. షావి జీతము మన దేశమునకు భారమని పత్రికలు వ్రాసినవి. ఊరికొక శిక్షకుని జీతము కూడ భారమేనా యని మేము అడుగుచున్నాము. దేశపు జట్టును పండ్రెండేండ్లకు పైగా నడపిన మహనీయుడు మన హైదరాబాదులో సుద్దముక్క పట్టిన ఉపాధ్యాయుడే యని మన బాలురును, మా తోటి యుపాధ్యాయులును మఱువకుందురు గాక.